కాస్ట్ ఐరన్ మొక్క: విశాఖ ఫ్లాట్ల చీకటి మూలల్లో నిలుస్తుందా?

సంక్షిప్తంగా: నీడను తట్టుకునే మొక్క తక్కువ వెలుతురులో బతకడానికి కారణం అది ఖర్చు పెట్టే శక్తి తక్కువ కావడం. ఖర్చు తక్కువైన మొక్క నీళ్లు కూడా తక్కువే తాగుతుంది. ఇలాంటి మొక్కలు చచ్చిపోవడానికి చీకటి కంటే నీళ్లే తరచూ కారణం. విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. గాలిని శుభ్రం చేస్తాయి, రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తాయి అన్న ప్రచారానికి ఉన్న ఆధారం మాత్రం చాలా పలచన.

"ఎండ అక్కర్లేదు, నీళ్లు మరిచిపోయినా పర్లేదు, చంపినా చావదు" అంటూ అమ్మే మొక్కలు విశాఖ నర్సరీల్లో చాలానే కనిపిస్తున్నాయి. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్, అగ్లోనిమా ఇప్పటికే చాలా ఇళ్లలోకి వచ్చేశాయి. ఆన్‌లైన్ అమ్మకాల్లో వాటి పక్కన కాస్ట్ ఐరన్ ప్లాంట్ అనే పేరు కూడా చేరింది. దీని శాస్త్రీయ నామం ఆస్పిడిస్ట్రా ఎలాటియర్. పేరులోనే ఇనుము ఉంది కాబట్టి లిఫ్ట్ పక్కన, మెట్ల కింద, బాత్రూమ్ కిటికీ దగ్గర ఎక్కడ పెట్టినా ఉంటుందనే నమ్మకంతో కొంటున్నారు. కొన్నాళ్లకు ఆకులు పసుపు రంగుకు తిరిగితే మొక్క నకిలీదా, కుండీ మట్టి మంచిది కాదా, విశాఖ వాతావరణమే దానికి పడలేదా అన్న సందేహాలు మొదలవుతాయి. వీటికి జవాబు దొరకాలంటే ముందు నీడను తట్టుకోవడం అంటే ఏమిటో చూడాలి.

## ఇష్టపడటం వేరు, భరించడం వేరు

మొక్కలో రెండు పనులు నడుస్తుంటాయి. వెలుతురు ఉన్నంతసేపూ కిరణజన్య సంయోగక్రియ ద్వారా చక్కెరలు తయారు చేసుకుంటుంది. పగలూ రాత్రీ శ్వాసక్రియ ద్వారా ఆ చక్కెరలను వాడుకుంటుంది. వెలుతురు తగ్గుతున్న కొద్దీ తయారీ తగ్గుతుంది, వాడకం మాత్రం పెద్దగా తగ్గదు. ఒక దశలో రెండూ సరిసమానం అవుతాయి. వెలుతురు అంతకంటే తగ్గితే మొక్క తన నిల్వలను తినడం మొదలుపెడుతుంది. మందార, గులాబీ లాంటి ఎండ మొక్కలకు ఈ సరిసమాన మట్టం చాలా ఎక్కువ. ఆస్పిడిస్ట్రాకు, జెడ్‌జెడ్‌కు చాలా తక్కువ. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఎండలో పెరిగే ఆకు మందంగా ఉంటుంది. అందులో కణాల వరుసలు ఎక్కువ, పనిచేసే ఎంజైములు ఎక్కువ, వాటిని నిలబెట్టుకోవడానికి పోసే శక్తి కూడా ఎక్కువే. నీడ ఆకు వెడల్పుగా, ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. వచ్చిన కాస్త వెలుతురునూ వదలకుండా పట్టుకోవడానికి పత్రహరితంలో ఎక్కువ భాగాన్ని కేటాయిస్తుంది, మిగతా యంత్రాంగాన్ని తగ్గించుకుంటుంది. ఆస్పిడిస్ట్రా ఇంకో అడుగు ముందుకు వేసింది. దాని ఆకు తోలులా గట్టిగా ఉండి ఏళ్ల తరబడి రాలదు. ఒక ఆకు కట్టుకున్నాక దాన్నే ఎక్కువ కాలం వాడుకుంటే కొత్తది కట్టే ఖర్చు తప్పుతుంది. చిన్న జీతంతో నడిచే ఇంట్లో కొన్న వస్తువును పదేళ్లు వాడుకునే పద్ధతి ఇదే.

ఈ పొదుపుకు ఒక ధర ఉంది. మొక్క చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఏడాదికి కొద్దిపాటి కొత్త ఆకులే వస్తాయి. ఎండ తగిలి ఒక ఆకు మాడితే ఆ మచ్చ ఏళ్లపాటు కనిపిస్తూనే ఉంటుంది, దాన్ని కప్పేయడానికి పక్కన నాలుగు కొత్త ఆకులు లేచి రావు. కాబట్టి "చంపినా చావదు" అన్న మాటలో సగమే నిజం. చావదు నిజమే, కానీ దెబ్బ తగిలితే కోలుకోవడం కూడా అంతే నెమ్మది.

నర్సరీ నుంచి తెచ్చిన కొత్తలో ఆకులు రాలడానికి కారణం కూడా ఇందులోనే దొరుకుతుంది. విశాఖలో అమ్మే మొక్కల్లో చాలావరకు కడియం పరిసరాల నర్సరీల నుంచి వచ్చేవే. అక్కడ షేడ్ నెట్ కింద పెరిగినా వాటికి దొరికే వెలుతురు ఇంటి హాలులో దొరికే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ వెలుతురుకు తగ్గట్టు కట్టుకున్న ఆకులను ఒక్కసారిగా చీకటి మూలకు మారిస్తే వాటి పోషణ భారం అవుతుంది. మొక్క కొన్నింటిని వదిలించుకుంటుంది. ముందు బాల్కనీ నీడలో, తర్వాత కిటికీ పక్కన, ఆ తర్వాత లోపలికి, ఇలా కొన్ని వారాల వ్యవధిలో జరుపుతూ తెస్తే ఈ నష్టం తగ్గుతుంది. ఇది రోగం కాదు కాబట్టి మందులు, ఎరువులు వేయడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. పైగా ఆ సమయంలో ఎరువు వేస్తే వాడుకునే శక్తి లేని వేర్ల దగ్గర లవణాలు పేరుకుంటాయి.

## కన్ను చెప్పే వెలుతురు నమ్మదగింది కాదు

"మా హాల్లో వెలుతురు బాగానే వస్తుంది" అన్న అంచనా తరచుగా తప్పుతుంది. మనిషి కంటిపాప చీకటికి తగ్గట్టు విప్పారుతుంది, మెదడు కూడా సర్దుకుంటుంది. అందుకే వంద రెట్ల తేడా కూడా కంటికి కొద్దిపాటి తేడాగానే తోస్తుంది. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండ సుమారు 1,00,000 లక్స్ వరకు ఉంటుంది. మబ్బు పట్టిన రోజున కూడా బయట 10,000 లక్స్‌కు పైనే ఉండొచ్చు. అదే గదిలో కిటికీకి రెండు మూడు మీటర్ల దూరంలో చూస్తే కొన్ని వందల లక్స్ మాత్రమే. అపార్ట్‌మెంట్ కారిడార్‌లో వంద కూడా ఉండకపోవచ్చు. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని చూస్తే ఈ తేడా బయటపడుతుంది. ఆ కొలత కచ్చితంగా ఉండదు కానీ, రెండు చోట్లను పోల్చుకోవడానికి సరిపోతుంది.

పుస్తకం చదువుకోవడానికి సరిపడే వెలుతురు రోజంతా పడే చోట ఆస్పిడిస్ట్రా, జెడ్‌జెడ్, స్నేక్ ప్లాంట్ నిలుస్తాయి. అక్షరాలు కనిపించక లైటు వేసుకోవాల్సిన చోట ఏదీ శాశ్వతంగా నిలవదు. నిల్వలున్నంత కాలం నెలల తరబడి అలాగే కనిపిస్తుంది, అది బతకడం కింద లెక్కలోకి రాదు. చీకటి కారిడార్‌లో పచ్చదనం కావాలంటే రెండు కుండీలు పెట్టుకుని కొన్ని వారాలకోసారి బాల్కనీకీ లోపలికీ మార్చుకోవడం ఆఫీసుల్లో పాటించే పాత పద్ధతి. ఎల్‌ఈడీ లైటు కింద పెట్టడమూ ఒక దారే. అయితే అది రోజుకు పది పన్నెండు గంటలు వెలగాలి, మొక్కకు దగ్గరగా ఉండాలి.

దిక్కుల విషయంలో విశాఖకు ఒక ప్రత్యేకత ఉంది. విదేశీ తోటపని సలహాల్లో ఉత్తరపు కిటికీ అంటే ఎప్పుడూ నీడే. లండన్‌కు ఆ మాట చాలావరకు సరిపోతుంది, విశాఖకు సరిపోదు. ఈ నగరం భూమధ్యరేఖకు 17.7 డిగ్రీల ఉత్తరాన ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల వరకు మధ్యాహ్నపు సూర్యుడు ఇక్కడ నడినెత్తిని దాటి కాస్త ఉత్తరంగా ఉంటాడు. మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి వరకు ఉదయించేదీ అస్తమించేదీ కూడా ఉత్తరం వైపు జరిగే. అందువల్ల ఉత్తరపు బాల్కనీలో వేసవి ఉదయం, సాయంత్రం నేరుగా ఎండ పడుతుంది. డిసెంబరులో దీనికి పూర్తిగా విరుద్ధం. మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి దక్షిణపు బాల్కనీలోంచి ఎండ గది లోపలిదాకా వస్తుంది. జనవరిలో భద్రంగా ఉన్న చోటే మే నెలలో ఆస్పిడిస్ట్రా ఆకు మాడిపోవడం వెనుక ఉన్నది ఈ జరుగుడే. ఏడాదికి రెండుసార్లు కుండీ చోటు మార్చడం తప్ప దీనికి వేరే ఉపాయం లేదు.

## ఇనుము పేరు ఎలా వచ్చింది

ఆస్పిడిస్ట్రా ఎలాటియర్ చాలాకాలం చైనా మొక్కగా చలామణీ అయింది. నిజానికి దాని సహజ నివాసం దక్షిణ జపాన్‌లోని చిన్న దీవుల్లో, సతతహరిత అడవుల అడుగున ఉంది. పెద్ద చెట్ల కింద వెలుతురు ఎప్పుడూ తక్కువే. వానలు మాత్రం దండిగా పడతాయి, నేల మీద రాలిన ఆకుల పొర ఉంటుంది. మొక్కకు నిలువు కాండం ఉండదు. నేల మట్టంలో అడ్డంగా పాకే దుంపకాండం నుంచి ఒక్కో ఆకూ విడిగా, తన సొంత కాడతో పైకి లేస్తుంది. ఊదారంగు పూలు నేలను అంటిపెట్టుకుని పూస్తాయి. కుండీలో వచ్చినా చాలామంది గమనించరు. ఈ పూలకు పరాగ సంపర్కం ఎవరు చేస్తారన్నది చాలాకాలం వాదనగానే ఉండిపోయింది. నత్తల పేరు, నేలమీద గెంతే చిన్న రొయ్యజాతి జీవుల పేరు వినిపించేవి. 2018లో జపాన్ పరిశోధకులు కురోషిమా దీవిలో గమనించి, ఆ పని ప్రధానంగా చేసేవి శిలీంధ్రాల మీద బతికే సన్నటి ఈగలని తేల్చారు.

బ్రిటన్‌కు ఈ ప్రజాతి మొక్కలు 1820ల్లో చేరాయి. విక్టోరియా కాలపు ఇళ్లలో బరువైన తెరలు, బొగ్గు పొయ్యిలు, గ్యాస్ దీపాలు ఉండేవి. గ్యాస్ దీపాల పొగకు మిగతా ఇండోర్ మొక్కలు వాడిపోతుంటే ఆస్పిడిస్ట్రా నిలబడింది. పోత ఇనుము పేరు ఆ ఓర్పు వల్లే. మధ్యతరగతి ముందుగదికి అది గుర్తుగా మారింది. కరెంటు దీపాలు వచ్చి గదులు వెలిగాక దాని అవసరం తగ్గింది, మోజూ తగ్గింది. జపాన్‌లో మాత్రం ఆకుకే గిరాకీ. భోజనం పెట్టెల్లో పదార్థాలు కలవకుండా మధ్యలో అడ్డుపెట్టడానికి ఈ ఆకును కోసి వాడేవారు. ఇప్పుడు సుషీ ప్యాకెట్లలో కనిపించే పచ్చటి ప్లాస్టిక్ అంచుముక్క దాని నకలే. కోసిన ఆకు నీళ్లలో చాలా రోజులు చెడకుండా ఉంటుంది కాబట్టి పూల అలంకరణ చేసేవాళ్లకూ ఇష్టం.

ఈ చరిత్రలో విశాఖకు పనికొచ్చే విషయం ఒకటుంది. మొక్కకు ఆ పేరు తెచ్చింది చలిదేశపు గది. అక్కడ సమస్యలు చీకటి, పొగ, చలి, హీటర్ల వల్ల ఎండిన గాలి. విశాఖ గది సమస్య ఉక్క. ఇనుము పేరు ఆ పరీక్షలో తెచ్చుకున్నది కాదు.

## విశాఖ గాలిలో నీళ్ల లెక్క

మొక్క వేరు నుంచి నీటిని లాగి ఆకుల రంధ్రాల గుండా ఆవిరిగా వదులుతుంది. ఎంత వదులుతుందన్నది వెలుతురు మీద, గాలిలోని తేమ మీద, గాలి కదలిక మీద ఆధారపడుతుంది. వెలుతురు తక్కువైతే రంధ్రాలు తక్కువగా తెరుచుకుంటాయి. గాలిలో తేమ ఎక్కువైతే ఆవిరి బయటికి పోయే వేగం పడిపోతుంది. విశాఖలో ఏడాదిలో చాలా నెలలు ఉదయం పూట గాలిలో తేమ 70 శాతానికి పైనే ఉంటుంది. చీకటి గది, తేమ గాలి రెండూ కలిశాక కుండీలో పోసిన నీళ్లు ఎటూ పోవు. బాల్కనీలో మూడు రోజుల్లో ఆరే మట్టి హాలు మూలలో రెండు వారాలైనా తడిగానే ఉండొచ్చు.

తడి మట్టితో వచ్చే ఇబ్బంది నీళ్లు ఎక్కువ కావడం ఒక్కటే కాదు, వేరుకు ఊపిరి అందకపోవడం. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో గాలి ఉండాలి. ఆ ఖాళీలన్నీ నీళ్లతో నిండితే ఆక్సిజన్ కదలిక గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు నెమ్మదిస్తుంది. వేరు కొనలు చనిపోతాయి, కుళ్లు కలిగించే శిలీంధ్రాలు చేరతాయి. కుళ్లిన వేరు నీటిని లాగలేదు కాబట్టి పైన ఆకులు వాడినట్టు వేలాడతాయి. వాడింది కదా అని ఇంకో చెంబు పోస్తారు. నీళ్లు ఎక్కువై చనిపోతున్న మొక్కను నీళ్లు చాలక చనిపోతున్నట్టు పొరబడటం ఇండోర్ మొక్కల విషయంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. మట్టి తడిగా ఉండి ఆకు వాడితే అది దాహం కాదు. కుండీ చుట్టూ సన్నటి నల్ల ఈగలు ఎగురుతున్నా మట్టి ఎక్కువకాలం తడిగా ఉంటోందనే అర్థం. జపాన్ అడవిలో ఆస్పిడిస్ట్రా పూలకు సాయం చేసే ఈగల చుట్టాలే ఇవి, ఇంట్లో మాత్రం తడి ఎక్కువైందని చెప్పే సూచికలు.

అందుకే "వారానికోసారి నీళ్లు", "రోజూ ఆకుల మీద స్ప్రే" లాంటి సలహాలను ఇక్కడ యథాతథంగా పాటించడం మంచిది కాదు. చలిదేశాల్లో శీతకాలపు గదుల్లో గాలి ఎండిపోతుంది కాబట్టి స్ప్రే సలహా పుట్టింది. ఉక్కపోత గాలిలో ఆకుల మీద తడి నిలిస్తే ఆకుమచ్చ తెగులుకు దారి ఇచ్చినట్టే. రోజుల లెక్క కంటే వేలి లెక్క మేలు. పైనుంచి రెండు అంగుళాల లోతున మట్టి పొడిగా తగిలితేనే నీళ్లు పోయాలి. పోసినప్పుడు అడుగు రంధ్రం నుంచి కారేలా నిండుగా పోసి, పళ్లెంలోకి దిగిన నీటిని పారబోయాలి. జూన్ నుంచి నవంబరు దాకా, అంటే నైరుతి, ఈశాన్య వానలు రెండూ ముగిసేదాకా ఈ వ్యవధి బాగా పెరుగుతుంది. ఏసీ నడిచే గదిలో మాత్రం గాలి పొడిబారి మట్టి తొందరగా ఆరుతుంది. ఒకే ఇంట్లో రెండు గదులకు రెండు లెక్కలు ఉంటాయన్నమాట.

కుండీ మట్టిది కూడా పెద్ద పాత్రే. కోకోపీట్ అనే కొబ్బరి పొట్టు తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచుతుంది. షేడ్ నెట్ కింద రోజూ తడిపే నర్సరీకి అది లాభం, చీకటి గదికి నష్టం. ఎర్రమట్టి, ముతక ఇసుక, కొంచెం వర్మీ కంపోస్ట్, విరిగిన పెంకులు లేదా బొగ్గు ముక్కలు కలిపితే నీళ్లు దిగిపోతాయి. రంధ్రం లేని మెరుగు కుండీలో ప్లాస్టిక్ కుండీని దించి పెట్టడం అందానికి బాగుంటుంది కానీ, అడుగున చేరిన నీళ్లు కనబడవు. మట్టి కుండీ గోడల గుండా తేమ బయటికి పోతుంది. ఈ ఊరికి అంతకంటే తగింది లేదు.

## మిగతా మొక్కలతో పోలిస్తే

జెడ్‌జెడ్ ప్లాంట్ తూర్పు ఆఫ్రికాది. నేలలో బంగాళాదుంప లాంటి గట్టి దుంపలు, ఉబ్బిన కాడలు ఉంటాయి, వాటిలో నీరు దాస్తుంది. 1990ల్లో డచ్ నర్సరీలు పెద్దఎత్తున పెంచడం మొదలుపెట్టాకే ఇది ప్రపంచమంతా పాకింది. నీళ్లు మరిచిపోయే ఇంటికి ఇదే సరైనది, ఎక్కువ పోసే ఇంటికి ఇదే ముందు కుళ్లుతుంది. స్నేక్ ప్లాంట్ పశ్చిమ ఆఫ్రికాది. దాని మందపాటి ఆకే నీటి తొట్టి. నీడను ఓర్చుకుంటుంది తప్ప దానికి నచ్చేది వెలుతురే, ఎండలో కూడా పెరుగుతుంది. ఆస్పిడిస్ట్రాకు ఆ వెసులుబాటు లేదు, మధ్యాహ్నపు ఎండ అసలు పనికిరాదు. కానీ తడి విషయంలో ఆ రెంటికంటే కొంచెం ఓపిక ఎక్కువ, ఎందుకంటే అది ఎడారి అంచు మొక్క కాదు, వాన అడవి మొక్క.

మనీప్లాంట్ ఫ్రెంచ్ పాలినీషియాలోని మొరేయా దీవి నుంచి వచ్చింది. వేగంగా పెరుగుతుంది, దెబ్బ తగిలితే తొందరగా తేరుకుంటుంది. చీకట్లో దాని ఆకుల మీది పసుపు చారలు మాయమై పూర్తిగా పచ్చగా మారుతుంది, ఆకులు చిన్నవవుతాయి. అగ్లోనిమాలో ఎరుపు, గులాబీ రంగు రకాలకు పచ్చ రకాల కంటే ఎక్కువ వెలుతురు కావాలి. రంగు ఉన్న భాగంలో పత్రహరితం తక్కువ. చారల ఆస్పిడిస్ట్రాకూ ఇదే వర్తిస్తుంది. చీకటి మూల కోసం కొనేటప్పుడు అన్నిటికంటే అందంగా కనిపించే రంగుల రకం తీసుకోవడం నష్టబేరం.

ఉత్తరాంధ్ర తీరానికి సొంత బంధువు ఒకటి ఉంది. చాగ అని పిలిచే మొక్క స్నేక్ ప్లాంట్ కుటుంబానిదే, తూర్పు తీరంలో తుప్పల కింద సహజంగా పెరుగుతుంది. దాని ఆకుల నారతో తాళ్లు, పూర్వం వింటినారులు చేసేవారు. 1780ల్లో సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ దీన్ని గమనించి రాశాడు, శాస్త్రీయ నామంలో ఆయన పేరే ఉంది. ఉప్పు గాలికి, ఇసుక నేలకు, వేసవికి అలవాటుపడిన ఈ మొక్క నర్సరీ బల్లల మీద కనిపించడం అరుదు. పెరట్లో నీడకు, గోడ పక్కకు ఇది విదేశీ రకాల కంటే ఏమాత్రం తీసిపోదు.

పిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో ఇంకో తేడా ముఖ్యం. మనీప్లాంట్, అగ్లోనిమా, జెడ్‌జెడ్, డిఫెన్‌బాకియా ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి. స్నేక్ ప్లాంట్‌లో సాపోనిన్లు ఉంటాయి, తింటే కుక్కలకు, పిల్లులకు వాంతులు అవుతాయి. ఆస్పిడిస్ట్రా మాత్రం కుక్కలకు, పిల్లులకు విషం కాని మొక్కల జాబితాలో ఉంది. ధర ఎక్కువైనా దీన్ని ఎంచుకోవడానికి గట్టి కారణం ఇదొక్కటి చాలు. జెడ్‌జెడ్ ముట్టుకుంటే క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో తిరిగే మాటకు ఏ ఆధారమూ లేదు.

## గాలి శుభ్రం, రాత్రి ఆక్సిజన్

పోర్టు పరిసరాల్లో, పాత నగరంలో, గాజువాక వైపు బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము గురించి ఏళ్లుగా ఫిర్యాదులు ఉన్నాయి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విశాఖ కూడా ఉంది. ఈ పరిస్థితుల్లో "గాలి శుద్ధి చేసే మొక్క" అన్న మాటకు సహజంగానే గిరాకీ.

ఆ ప్రచారానికి మూలం 1989లో నాసా చేసిన ఒక ప్రయోగం. మూసేసిన చిన్న పెట్టెల్లో మొక్కలు పెట్టి బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి వాయువులు తగ్గడాన్ని కొలిచారు. అంతరిక్ష నౌకలాంటి మూసిన చోటును దృష్టిలో పెట్టుకుని చేసిన పని అది. ఇంటి గాలి అలా ఉండదు, తలుపులు, కిటికీల సందుల నుంచి మారుతూనే ఉంటుంది. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన ప్రయోగాల ఫలితాలను ఇంటి లెక్కలోకి మార్చి చూశారు. మామూలు గాలి మార్పిడి చేసే పనితో పోటీపడాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేలింది. గదిలో మనుషులకు చోటు మిగలదు. అదీగాక ఆ ప్రయోగాలన్నీ వాయువుల గురించి. బొగ్గు దుమ్ము వాయువు కాదు, ఘన రేణువులు. ఆకు మీద కొంత దుమ్ము పేరుకోవడం నిజమే కానీ, దానితో గదిలోని సన్నటి రేణువుల మట్టం చెప్పుకోదగ్గంత తగ్గదు.

రాత్రి ఆక్సిజన్ కథ ఇంకొంచెం సూక్ష్మమైనది, ఎందుకంటే అందులో ఒక నిజం దాగి ఉంది. స్నేక్ ప్లాంట్ పొడి నేలల అలవాటుతో పగలు రంధ్రాలు మూసుకుని రాత్రిపూట తెరుస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌ను రాత్రి పీల్చి ఆమ్లాల రూపంలో దాచుకుంటుంది. జెడ్‌జెడ్ కూడా నీటి ఎద్దడిలో కొంతవరకు ఈ పద్ధతి వాడుతుంది. కానీ ఆక్సిజన్ పుట్టేది నీటి అణువు చీలినప్పుడు, అది చీలడానికి వెలుతురు కావాలి. రాత్రి చీకట్లో ఏ మొక్కా ఆక్సిజన్ తయారుచేయదు. ఆస్పిడిస్ట్రాకైతే ఈ రాత్రి పద్ధతి కూడా లేదు. అలాగని పడకగదిలో మొక్క పెడితే ఊపిరాడదన్న భయమూ అర్థం లేనిదే, కుండీ మొక్క రాత్రి వాడే ఆక్సిజన్ పక్కన పడుకున్న మనిషి వాడేదానిలో చాలా చిన్న వంతు.

దుమ్ము వల్ల మొక్కకు జరిగే నష్టం మాత్రం నిజమైనది. అసలే తక్కువ వెలుతురు, దానిమీద నల్లటి పొర పడితే ఆకుకు చేరేది ఇంకా తగ్గుతుంది. వెడల్పాటి ఆస్పిడిస్ట్రా ఆకును తడి గుడ్డతో వారానికోసారి తుడవడం ఎరువు వేయడం కంటే ఎక్కువ మేలు చేస్తుంది. అడుగు భాగాన్నీ తుడిస్తే ఎర్రనల్లి, పొలుసు పురుగు, పిండినల్లి మొదట్లోనే కనబడతాయి. ఆకు మెరుపు కోసం కొబ్బరినూనె రాయడం కొందరి అలవాటు. నూనెకు దుమ్ము ఇంకా అంటుకుంటుంది, రంధ్రాలూ మూసుకుపోతాయి.

బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ వైపు ఇళ్లకు ఉప్పు గాలి అదనపు సమస్య. తీరానికి దగ్గరి బోర్లలో నీరు ఉప్పగా ఉంటే కుండీలో లవణాలు పేరుకుని ఆకు కొనలు గోధుమ రంగులో ఎండుతాయి. వాన నీళ్లు పట్టి పోయడం, నెలకోసారి మంచి నీళ్లతో మట్టిని బాగా కడిగినట్టు పోయడం దీనికి మందు.

## పెరట్లో, చెట్ల కింద

సొంత ఇల్లు, కాస్త నేల ఉన్నవాళ్లకు ఆస్పిడిస్ట్రా మరో రకంగా ఉపయోగం. మామిడి, పనస, సపోటా చెట్ల కింద గడ్డి కూడా సరిగా రాని చోట ఇది నేలను కప్పుతుంది. చెట్టు వేర్లు నీటిని లాగేసే పొడి నీడను కూడా భరిస్తుంది, మొదటి ఏడాది మాత్రం నీళ్లు అందాలి. విశాఖలో దీనికి చలి గండం లేదు. ఎండ గండమే. చెట్టు కొమ్మలు నరికినా, గాలికి చెట్టు పడినా కింద ఉన్నవన్నీ ఒక్క వారంలో మాడతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలో భారీ సంఖ్యలో చెట్లను కూల్చినప్పుడు పోయింది చెట్లు మాత్రమే కాదు, వాటి నీడ మీద ఆధారపడిన కింది వరుస కూడా. ఒకే చెట్టు నీడను నమ్ముకుని పెద్ద పాదు వేయడం కంటే రెండు మూడు చోట్ల పంచి నాటడం, ఒకటి రెండు కుండీల్లో ఉంచుకోవడం భద్రం.

నీడ మొక్కల కుండీలు పెరిగిన కొద్దీ వాటి కింద నీటి పళ్లేలూ పెరుగుతాయి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వెచ్చటి వాతావరణంలో ఏడు నుంచి పది రోజులు చాలు. కుండీ పళ్లెం, మనీప్లాంట్ పెట్టిన సీసా, రంధ్రం లేని మెరుగు కుండీ అడుగు దానికి అనువైన చోట్లు. శుక్రవారం డ్రై డే పేరుతో వారానికోసారి నీళ్లు పారబోయమని చెప్పడం వెనుక ఉన్న లెక్క ఇదే. పారబోయడంతో పాటు పళ్లెం గోడలను రుద్ది కడగాలి, గుడ్లు అంచుకు అంటుకుని ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి.

## ధర ఎందుకు ఎక్కువ, కొనేటప్పుడు ఏం చూడాలి

మనీప్లాంట్ కణుపు ముక్క చాలు, కొత్త మొక్క వస్తుంది. స్నేక్ ప్లాంట్ ఆకు ముక్క వేళ్లూనుతుంది. అయితే పసుపు అంచు రకానికి ఆకు ముక్క నుంచి వచ్చిన పిల్లలో ఆ అంచు ఉండదు. జెడ్‌జెడ్ ఒక్క చిన్న ఆకు నుంచే దుంప కడుతుంది. ఆస్పిడిస్ట్రా ఆకును మట్టిలో గుచ్చితే ఏమీ రాదు. దుంపకాండాన్ని ముక్కలు చేయాలి, ఒక్కో ముక్కకు వేర్లు, రెండు మూడు ఆకులు ఉండాలి, ఆ తర్వాత గుబురు కట్టడానికి ఏళ్లు పడుతుంది. నర్సరీకి అంతకాలం చోటు, నీరు, కూలీ ఖర్చు. ధర తేడా అక్కడే పుడుతుంది, అది త్వరగా తగ్గే సూచనలూ లేవు. మరీ చవకగా కనిపిస్తే వేరే మొక్క అయ్యే అవకాశం ఎక్కువ. విత్తనాల ప్యాకెట్ పేరుతో అమ్మితే ఇంకా అనుమానించాలి, ఈ మొక్కను ఆ దారిలో పెంచేవాళ్లు దాదాపు ఉండరు.

గుర్తుపట్టడం కష్టం కాదు. ప్రతి ఆకూ మట్టిలోంచి విడిగా రావాలి, మధ్యలో కాండం కనిపించకూడదు. ఆకు గట్టిగా, తోలులా ఉండి ఈనెలు పొడవునా సమాంతరంగా సాగాలి. పీస్ లిల్లీ ఆకు మెత్తన, దాని తెల్లటి పూరేకు చూడగానే తెలుస్తుంది. పచ్చ డ్రసీనా ఆకులు ఒకే కాండం చుట్టూ వస్తాయి. కుండీని పైకెత్తి అడుగు రంధ్రంలోంచి చూస్తే తెల్లటి గట్టి వేర్లు కనబడాలి. నల్లగా, మెత్తగా, వాసనతో ఉంటే వదిలేయడమే మంచిది. ఇంటికి తెచ్చిన వెంటనే కుండీ మార్చకుండా ఒక నెల ఆగాలి, మార్చినప్పుడు కూడా ఒక అంగుళం పెద్ద కుండీ చాలు. పెద్ద కుండీలో వేర్లు అందుకోలేనంత మట్టి ఉంటుంది, ఆ మట్టి ఆరదు.